బావ ఛాతీ, అక్క అరచేతులు

మా బావ ఒక మంగళవారం మధ్యాహ్నం నా కుట్టుషాపుకు వచ్చాడు. తిరుపతిలో రైల్వే గేటు అవతలి సందులో ఒక చిన్న గది నా షాపు. నేను ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు తప్ప ఇంకేమీ కుట్టను. బావ గడప దగ్గర నిలబడి, లోపల వేరే ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, తలుపు దగ్గరికి వేశాడు.

"పాపా, నాకు నాలుగు బనీన్లు కుట్టియ్యాల" అన్నాడు.

"అంగట్లో దొరుకుతాయి గదా బావా?"

"అవి కాదు. బిగ్గా ఉండాల. ఒళ్ళు ఎత్తుగా కనపడగూడదు."

నాకు అర్థం కాలేదు. కొలత తీయాలంటే చొక్కా విప్పమన్నాను. ఆయన గోడ వైపు తిరిగి గుండీలు విప్పుకుని, అలాగే కొంచెం సేపు నిలబడి, తర్వాత నా వైపు తిరిగాడు. తల మాత్రం వంచుకునే ఉన్నాడు.

ఇరవై ఏళ్ళుగా నేను ఆడవాళ్ళ కొలతలు తీస్తున్నాను. పెద్దమనిషి కాబోయే పిల్లలకు మొదటి జాకెట్టు కుట్టేటప్పుడు ఛాతీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా బావకు అలా ఉంది. రెండు వైపులా ఉబ్బి ఉంది. నేను వాళ్ళింట్లో చూసిన పాత ఫోటోల్లో ఆయన ఛాతీ నిండా వెంట్రుకలు ఉండేవి. ఇప్పుడు అక్కడక్కడా నాలుగు మిగిలాయి. టేపు ఒంటికి తగలగానే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నొప్పా?"

"లోపల గడ్డ మాదిరి ఉండాది. తాకితే సలుపుతాది." తల ఎత్తకుండానే అన్నాడు, "ఫ్యాక్టరీలో అందురూ నవ్వతాండారు పాపా. పాలెప్పుడిస్తావప్పా అని అడగతాండారు."

చిత్తూరు దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బావ బాయిలరు దగ్గర పని చేసేవాడు. ఆ వేడికి అక్కడ మగవాళ్ళంతా చొక్కా లేకుండా ఉంటారు. ఆయన ఒక్కడే రెండు చొక్కాలు వేసుకుని చెమటలో నానేవాడు. నేను గుడ్డను రెండు మడతలు వేసి, ఛాతీ దగ్గర గట్టిగా బిగించి, నాలుగు బనీన్లు కుట్టి ఇచ్చాను. కొవ్వు పట్టిందనుకున్నాను. తాగేవాడికి పొట్ట వస్తుంది, ఛాతీ కూడా వస్తుంది కాబోలు అనుకున్నాను. అంతకు మించి నేను ఆలోచించలేదు.

బావ తాగుతాడన్నది దాచుకునే సంగతి కాదు. చంద్రగిరిలో ఆయనా మా అక్కా ఉండే వీధిలో అందరికీ తెలుసు. పని దిగి బస్సెక్కే ముందే ఒక సీసా కొనేవాడు. ఇంటికొచ్చి దాన్ని పూర్తి చేసేవాడు. గొడవ చేసేవాడు కాదు, కొట్టేవాడు కాదు. తాగి, గోడకు ఆనుకుని, అలాగే నిద్రపోయేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మా అక్క బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నూటికి పైగా పిల్లలకు అన్నం, పప్పు, గుడ్లు ఒంటి చేత్తో దించేది.

దాచుకున్న సంగతి మా అక్కది. వాళ్ళ ఇంటి బయట అది నాకొక్కదానికే తెలుసు.

అది ఎలా తెలిసిందో చెప్పాలి. బావ నా షాపుకు రావడానికి మూడేళ్ళ ముందు ఒక ఉదయం అక్క జాకెట్టు గుడ్డ తెచ్చింది. భుజం కొలత తీస్తుంటే నా చెవి పక్కన ఆమె ఊపిరి తగిలింది. నోట్లో లవంగం ఉంది. లవంగం కింద ఇంకో వాసన ఉంది. టేపు వదిలేసి ఆమె మొహంలోకి చూశాను.

"ఏంక్కా ఇది?"

అక్క నవ్వింది. చిన్నప్పుడు చింతకాయలు దొంగిలించి దొరికిపోతే నవ్వినట్టే నవ్వింది. "ఒక గ్లాసుడు మే. మీ బావ ఎంత జెప్పినా వినడు. సీసాలో సగం నేను తాగితే ఆయనకు సగమే గదా మిగిలేది? ఇట్లన్నా తగ్గతాదని."

"నీకేమన్నా అయితే?"

"అంత తాగే మనిషికే ఏం గాలేదు, గ్లాసుడుకు నాకేమైతాది? ఎవరికీ సెప్పాకు. అమ్మకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు. బడిలో తెలిస్తే పని పీకేస్తారు."

నేను ఎవరికీ చెప్పనని నా పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాను. నాకు ఆమె మాట సబబుగానే తోచింది. మొగుడి చేతిలో సీసా లాగలేని ఆడది ఇంకేం చేస్తుంది అనుకున్నాను. సగం తాగి మొగుణ్ణి కాపాడుకుంటున్నది అని కూడా అనుకున్నాను.

తర్వాత ఆమె మోకాళ్ళ నొప్పులకని తాగింది, నిద్ర పట్టలేదని తాగింది. ఒక్కరోజు తూలలేదు. ఒక్క పూట బడి మానలేదు. ఏడాదికి రెండుమూడు జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. ప్రతిసారీ కొలత మారేది. ఛాతీ తగ్గింది, చేతులు సన్నబడ్డాయి, నడుము దగ్గర మాత్రం పెరిగింది. "సన్నబడినా సూడు" అని అద్దంలో చూసుకుని మురిసేది. నలభై రెండో ఏట నెలసరి ఆగిపోయింది. మా అమ్మ "పోనీలే, పీడ వదిలింది" అంది. నేనూ అదే అన్నాను. ఆమె అరచేతులు, ముఖ్యంగా బొటనవేలి కింది కండా చిటికెనవేలి కింది కండా, ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. "గోరింటాకు పెట్టకనే పండినాయి, లక్ష్మీదేవి చేతులు" అని మా అమ్మ ఇరుగుపొరుగుకు చూపించేది.

బావ ఒంటిలో మార్పు అందరికీ కనబడింది, ఎందుకంటే అది మగవాడి ఒంటి మీద వచ్చింది, నవ్వుకోవడానికి పనికొచ్చింది. అక్క ఒంటిలో వచ్చిన ప్రతి మార్పుకూ మా దగ్గర ఒక మంచి మాట ఉంది.

బనీన్లు కుట్టించుకున్న తర్వాత రెండు నెలలకు బావ మొక్కు తీర్చుకోవడానికి అందరం కొండెక్కాం. తలనీలాలు ఇచ్చేచోట గడ్డం కూడా తీస్తూ మంగలాయన యథాలాపంగా అన్నాడు, "ఏమప్పా, కత్తికి పనే లేదే. గడ్డం రాలిపోయిందే నీకు." పక్కనున్నవాళ్ళు నవ్వారు. తర్వాత పుష్కరిణి దగ్గర బావ చొక్కా విప్పలేదు. చొక్కాతోనే మునిగాడు. బయటికి వచ్చేసరికి తడిసిన గుడ్డ ఒంటికి అతుక్కుపోయి అంతా తెలిసిపోయింది. మెట్ల మీద కూర్చున్న ఒక పసిపిల్ల వాళ్ళమ్మను ఏదో అడిగింది. వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు మూసింది.

అక్క తన పైటకొంగు తీసి ఆయన భుజాల మీద కప్పింది. బస్సులో ఘాటు దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. దిగగానే నాతో అంది, "రేపే డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వు రా. నాకు ఆడ ఏం అడగాలో తెలీదు."

అలా ముగ్గురం తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మకు ముప్పై అయిదు దాటి ఉండవు. బావను పరీక్ష చేసి, రక్తం తీయించి, కడుపు స్కానింగు చేయించి, మూడో రోజు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆమె మాటలు నాకు బాగా గుర్తున్నాయి, ఎందుకంటే అంతవరకు ఒంటి గురించి నాకు ఎవరూ అంత నిదానంగా చెప్పలేదు.

"మగవాళ్ళ ఒంట్లో కూడా ఆడ హార్మోను కొంచెం తయారవుతుందమ్మా. పని అయిపోయిన హార్మోన్లను విరిచి బయటికి పంపే పని లివర్‌ది. మందు తాగి తాగి లివర్ గట్టిపడిపోతే ఆ పని సరిగ్గా జరగదు. ఇంకో పక్క, మందు బీజాలను కూడా దెబ్బ తీస్తుంది. మగ హార్మోను తయారీ తగ్గిపోతుంది. ఇది తగ్గి, అది పెరిగేసరికి ఛాతీ ఇలా వస్తుంది, గడ్డం, వెంట్రుకలు పలచబడతాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. లివర్ చెడిపోయిందని ఒళ్ళు చెప్పే తీరు ఇది."

బావ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "నేను మొగోణ్ణి కాకుండా పోతాండానా మేడం?" అని అడిగాడు.

"మీరు మనిషే కాకుండా పోతారు, ఇంకా తాగితే. ఇప్పుడు మానేస్తే బతుకుతారు. ఒక్కసారిగా ఇంటి దగ్గర మానొద్దు. ఫిట్స్ వస్తాయి. ఇక్కడ చేరండి, మందులిచ్చి మాన్పిస్తాం."

బావ సరేనన్నాడు. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది, "ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?"

అక్క తాగే ఆ గ్లాసును బావ తాగుడు లెక్కలో వేయలేదు కాబోలు, తల ఎత్తలేదు. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. నా వైపు చూసింది. ఆమె రెండు చేతులూ ఒడిలో వెల్లకిలా ఉన్నాయి, ఎర్రగా. అవి బల్ల కింద ఉన్నాయి, డాక్టరమ్మకు కనబడవు. నాకు కనబడుతున్నాయి.

నేను నేల వైపు చూశాను. నల్లా తెలుపూ గళ్ళ నేల.

"ఎవరూ లేరు మేడం" అంది అక్క.

"సరే" అని డాక్టరమ్మ రాసుకుంది.

అంతే జరిగింది. లెక్కేస్తే నాలుగైదు క్షణాలు. ఈ మూడేళ్ళలో నేను ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చానో. మిషను తొక్కుతుంటే వెళ్తాను, అన్నం వారుస్తుంటే వెళ్తాను. ప్రతిసారీ నోరు తెరుస్తాను. ప్రతిసారీ నేలే కనబడుతుంది.

బావ మానేశాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు వణికాడు, గోడ మీద చీమలు పాకుతున్నాయని అరిచాడు, తర్వాత తేరుకున్నాడు. మళ్ళీ ముట్టలేదు. బంధువులంతా ఆశ్చర్యపోయారు. అక్క గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. ఇక ఇంట్లోకి సీసా రాదు కాబట్టి ఆమె సంగతీ తీరిపోయిందని నేను అనుకున్నాను. ఒకసారి అడిగాను కూడా.

"ఎప్పుడో మానేసినా మే" అంది. "ఆయన కోసమే గదా తాగింది."

ఆమె మొహం చూడకుండా అడిగాను. నాకు కావలసింది ఆ జవాబే, అది దొరికింది, తీసుకున్నాను.

ఆమె మానలేదు. బావ తెచ్చే సీసా ఆగిపోయాక, తన సీసా తనే తెచ్చుకుంది. బడిలో వంటపాత్రలు కడిగే ఇంకో ఆమె చేత తెప్పించుకునేదట. బియ్యం డబ్బాలో పెట్టేదట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. బావకు సంగటి, ఉప్పు తక్కువ కూర, మందులు వేళ తప్పకుండా పెట్టేది. ఆయన కళ్ళు తేటబడ్డాయి, బుగ్గలు నిండాయి. వాళ్ళింటికి వెళ్తే ఆయన్ను చూసి సంతోషపడి వచ్చేదాన్ని. ఆమెను చూసేదాన్ని కాదు.

పది నెలలకు ఒక పొద్దున బావ ఫోను చేశాడు. "మీయక్కకు కండ్లు పచ్చగా అయినాయి. కడుపు ఉబ్బుండాది. కామెర్లకు ఆకు మందు తాగిస్తామా?"

"వద్దు. ఆసుపత్రికి తీసకరా" అన్నాను.

అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. అక్క చేతులు పట్టుకుని తిప్పి చూసింది. మెడ కింద చర్మం మీద సాలెగూడులా విచ్చుకున్న ఎర్రటి సన్నటి నరాలను వేలితో నొక్కి చూసింది.

"ఈమె ఎన్నాళ్ళుగా తాగుతున్నారు?"

"ఆమె తాగదు మేడం" అన్నాడు బావ. "నాతోపాటు ఎప్పుడన్నా రోంత... అదీ నేను మానేసినాంక లేదు."

అప్పుడు నేను చెప్పాను. అంతా చెప్పాను. నాలుగేళ్ళ కింద లవంగం వాసన దగ్గర్నుంచి చెప్పాను. బావ నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపును నేను రాయలేను.

డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి తీసుకొచ్చింది. "ఆయన తాగినదాంట్లో సగమే అయినా ఈమె లివర్ ఆయనకంటే ఎక్కువ పాడైంది. ఆడవాళ్ళకు అంతేనమ్మా. తక్కువ తాగినా తొందరగా దెబ్బ తగులుతుంది. ఒంట్లో నీటి భాగం తక్కువ, అందుకని అదే గ్లాసు రక్తంలో ఎక్కువ చిక్కగా చేరుతుంది. ఆడ హార్మోను వల్ల పేగుల్లోంచి విషం లివర్‌కు ఎక్కువగా చేరుతుందని, అక్కడ వాపు పెరుగుతుందని కొందరంటారు. అది ఇంకా పూర్తిగా తేలలేదు. అరచేతులు అలా ఎర్రబడడం, మెడ మీద ఆ నరాలు రావడం లివర్ చెడిన గుర్తులే. నెలసరి తొందరగా ఆగిపోవడం కూడా దీని వల్లే అయ్యుండొచ్చు."

"మరి ఆయనకు అదే హార్మోను పెరిగింది గదా మేడం" అన్నాను. నేను ఎందుకు వాదిస్తున్నానో నాకే తెలీదు.

"ఆయనకు లివర్ చెడ్డాక పెరిగింది. కంటికి కనబడింది. అందుకే ఆయన్ను తీసుకొచ్చారు" అంది.

అక్క పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆరో రోజు మాత్రం తెలివిలో ఉంది. బావ టీకి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది. పెదాలు పగిలి ఉన్నాయి. తడి గుడ్డతో తుడిచాను.

"ఆ పొద్దు డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు సెప్పేస్తావని గుండె జారిపొయ్యింది" అంది.

నేను గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచాను.

"సెప్పకపోతివి. నా మానం కాపాడినావు పాపా."

అలా అని నా చెయ్యి నొక్కింది. నన్ను తిట్టి ఉంటే, ఎందుకు చెప్పలేదే అని ఏడ్చి ఉంటే, ఎక్కడో ఒక చోట నేను ఆ బరువును దించుకునేదాన్ని. ఆమె నాకు కృతజ్ఞత చెప్పింది. దాన్ని ఎక్కడ దించాలో నాకు తెలియడం లేదు.

తర్వాత ఆమె మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. బడి పిల్లలకు అన్నం వడ్డిస్తున్నట్టు గాలిలో చెయ్యి తిప్పేది. "వరసగా రాండి, అందరికీ ఉండాది" అనేది. పదకొండో రోజు మధ్యాహ్నం రక్తం కక్కుకుంది. సాయంత్రానికి పోయింది.

పిల్లలు లేరు కాబట్టి కర్మ బావే చెయ్యాలి. స్వర్ణముఖి ఒడ్డున పది మంది మగవాళ్ళు, నలుగురైదుగురు ఆడవాళ్ళం. ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వచ్చారు. పురోహితుడు చొక్కా విప్పమన్నాడు. బావ ఆగకుండా విప్పాడు. నేను కుట్టిన బనీను కూడా తీసి ఇసుక మీద పడేశాడు. ఛాతీ కొంచెం తగ్గింది గానీ పోలేదు. అందరి ముందు అలాగే నీళ్ళలో దిగి, తడి ఒంటితో వచ్చి పిండం పెట్టాడు. ఒక్కరూ నవ్వలేదు. పాలెప్పుడిస్తావని అడిగిన మనిషి ఎవరో నాకు తెలీదు, కానీ ఆ గుంపులో ఒకాయన తల పక్కకు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

కర్మ అయ్యాక బావ నన్ను ఒకటే అడిగాడు. "డాక్టరమ్మ మొదట అడిగినప్పుడే నీకు తెలుసు గదా?"

"తెలుసు బావా."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. అయిదు నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ అయిదు నెలల్లో నేను ఒకసారి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళాను. చీటీ రాయించుకుని, రోగుల వరసలో కూర్చుని, నా వంతు వచ్చాక డాక్టరమ్మ ముందుకు వెళ్ళాను. ఏం బాధ అని అడిగింది. "ఆ రోజు నేను చెప్పుంటే మా అక్క బతికేదా?" అని అడిగాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "అప్పుడే మాన్పించి ఉంటే బతికే అవకాశం ఉండేది. లేదని అబద్ధం చెప్పను" అంది. తర్వాత కిటికీ వైపు చూస్తూ అంది, "మీ అక్క నా ఎదురుగానే కూర్చుంది. మెడ మీద ఆ నరాలు అప్పుడే ఉండి ఉంటాయి. నేను ఆయన్నే చూశాను. ఆమె వైపు చూడకుండా అడిగాను."

నా తర్వాత వాళ్ళు తలుపు తోస్తున్నారు. లేచి వచ్చేశాను.

బావ వేసవిలో వచ్చాడు. ఒక సంచి నిండా మామిడికాయలు తెచ్చి గడపలో పెట్టి, బయట మెట్టు మీద కూర్చున్నాడు.

"మొదటి గ్లాసు నేనే పోసిచ్చినా. సగం నేను తాగతా అంటే నవ్వి పోసినా. తాగేదానికి తోడు దొరికిందని నాకు బాగనే ఉన్నింది" అన్నాడు. "నువ్వు నోరు తెరవలేదు. నేను కండ్లు తెరవలేదు. ఇంగ మనం మాట్లాడుకోకుండా ఉండి యాడికి పోతాం పాపా?"

ఇప్పుడు ఆయన నెలకోసారి వస్తాడు. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఛాతీలో ఉబ్బు తీసేయవచ్చని చెప్పిందట. "ఉండనీ" అన్నాడట.

నేను కొలతలు తీస్తూనే ఉన్నాను. భుజం కొలతకు ఎవరైనా దగ్గరికి వంగితే వాళ్ళ ఊపిరి వాసన పట్టి చూస్తాను. ఎర్రటి అరచేయి కనబడితే పట్టుకుని తిప్పి చూస్తాను. అన్ని ఎర్రచేతులకూ లివర్ జబ్బు ఉండదని నాకు తెలుసు. అయినా అడుగుతాను. ఎవరూ లేనప్పుడు, చెవిలో అడుగుతాను. ఒకామె నవ్వేసింది. ఒకామె ఏడ్చి, డాక్టరు పేరు రాయించుకుని వెళ్ళింది. పోయిన నెలలో ఒకామెను అడిగితే మొహం మాడ్చుకుని, "నీకేం పని మే, జాకెట్టు కుట్టేదానివి" అని వెళ్ళిపోయింది. గుడ్డ కూడా తీసుకుపోలేదు. నీలం రంగు గుడ్డ, సన్న అంచు. కత్తిరించకుండా మడిచి పెట్టి ఉంచాను. ఆమె ఏ వీధిలో ఉంటుందో కనుక్కుంటున్నాను.